లాప్‌టాప్‌కు చార్జింగ్ ఎక్కట్లేదా? బ్యాటరీ కొనేముందు ఇవి చూడండి

"అన్నా, లాప్‌టాప్ చార్జింగ్ ఎక్కట్లేదు. కొత్త బ్యాటరీ ఎంతవుతుంది?"

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ దగ్గర సర్వీసు బల్ల వేసుకున్నప్పటి నుంచి నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే. ఫోన్‌లో అడుగుతారు, వాట్సాప్‌లో ఫొటో పెట్టి అడుగుతారు, టీ కొట్టు దగ్గర ఆపి అడుగుతారు. అడిగే ప్రతి ఒక్కరూ బ్యాటరీ ధర దగ్గరే మొదలుపెడతారు. కానీ కరెంటు బ్యాటరీ దాకా రావాలంటే గోడ సాకెట్టు, పవర్ కేబుల్, అడాప్టర్, చార్జింగ్ పిన్ను, మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) ఇవన్నీ దాటి రావాలి. ఇందులో ఎక్కడ ఆగినా మీకు కనబడేది ఒక్కటే: శాతం పెరగదు.

పోయిన ఏడాది ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో పుత్తూరు నుంచి ఒకమ్మాయి వాళ్ల నాన్నతో బస్సెక్కి వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టడానికి మర్నాడే ఆఖరు. అప్పటికే ఒకచోట చూపిస్తే మదర్‌బోర్డు పోయిందని, వేలల్లో అవుతుందని చెప్పారట. నేను లాప్‌టాప్ తెరవలేదు. గోడ నుంచి అడాప్టర్‌కు వచ్చే కేబుల్‌ను చేతిలోకి తీసుకుని చివరిదాకా వేలితో నొక్కుకుంటూ వెళ్లాను. అడాప్టర్‌లో దూరే చోటుకు రెండు అంగుళాల ముందు కేబుల్ మెత్తగా తగిలింది. లోపలి తీగ తెగి, పైన తొడుగు మాత్రం మిగిలింది. రోజూ గట్టిగా మడిచి రబ్బరు బ్యాండు వేసిన చోటే అది. డెస్కులో ఉన్న వేరే కేబుల్ పెట్టగానే నారింజ రంగు లైటు వెలిగింది. ఆ అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాన్నా, వచ్చేసింది" అంది.

అందుకే వరుసగా రాస్తున్నాను. గోడ దగ్గర మొదలుపెట్టి బ్యాటరీ దాకా వెళ్దాం. మధ్యలో దేన్నీ దాటెయ్యొద్దు.

కావలసినవి

- చిన్న టార్చి, లేదంటే ఫోన్ టార్చి
- చెక్క టూత్‌పిక్, పొడి మెత్తటి బ్రష్ (కొత్త టూత్‌బ్రష్ చాలు)
- టేబుల్ ల్యాంపు గానీ ఫోన్ చార్జర్ గానీ, సాకెట్టు పరీక్షకు
- మీ లాప్‌టాప్‌కు సరిపోయే ఇంకో అడాప్టర్. హాస్టల్‌లో ఉంటే పక్కగదిలో అదే కంపెనీ మోడల్ దొరుకుతుంది
- ఉంటే డిజిటల్ మల్టీమీటర్. లేకపోయినా పని ఆగదు
- ఒక కాగితం, పెన్ను. ఏ దశలో ఏం కనిపించిందో రాసుకోండి. షాపుకు వెళ్లాల్సి వస్తే ఆ కాగితం మీ డబ్బు కాపాడుతుంది

మొదలుపెట్టే ముందు, లాప్‌టాప్‌లో ఇంకా కాస్త చార్జ్ మిగిలి ఉంటే ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకో ఆన్‌లైన్‌లోకో ఎక్కించండి. ప్రాజెక్టు రిపోర్టు, సర్టిఫికెట్ల స్కాన్లు ముందు. ఆ తర్వాతే మిగతా పని.

మీ లక్షణం ఏది?

చార్జింగ్ పెట్టినా లైటు రాదు, తెరమీద ప్లగ్గు గుర్తు కూడా కనబడదు అంటే తప్పు 2 నుంచి 6 దశల్లో దొరకొచ్చు. ప్లగ్గు గుర్తు వస్తుంది కానీ "నాట్ చార్జింగ్" అని చూపిస్తుంటే అడాప్టర్ గుర్తింపు, సెట్టింగ్, వేడి, బ్యాటరీ, వీటిలో ఒకటి. 60 దగ్గరో 80 దగ్గరో ప్రతిసారీ ఆగిపోతుంటే చాలావరకు అది జబ్బే కాదు, నేరుగా 9వ దశ చదవండి. చార్జింగ్ అని చూపిస్తూనే శాతం తగ్గుతుంటే అడాప్టర్ శక్తి చాలట్లేదు. కేబుల్ కదిపితే వచ్చి పోతుంటే పిన్ను గానీ తీగ గానీ.

దశ 1: ఆపాల్సిన పరిస్థితి ఉందా?

ఇది అన్నిటికంటే ముందు. లాప్‌టాప్ మూసి బల్లమీద పెట్టండి. నాలుగు మూలలూ ఆనుతున్నాయా, ఊగుతోందా? టచ్‌ప్యాడ్ పైకి లేచిందా, నొక్కితే క్లిక్ అనట్లేదా? కీబోర్డు మధ్యలో ఉబ్బుగా ఉందా? వీటిలో ఒక్కటి కనిపించినా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. వెంటనే చార్జర్ తీసి, షట్‌డౌన్ చేసి, పరుపుకూ బట్టలకూ దూరంగా పెట్టండి. ఉబ్బును నొక్కి సరిచేయాలని చూడొద్దు, సూదితో గాలి తీయాలని అసలే చూడొద్దు. లిథియం బ్యాటరీకి చిల్లు పడితే మంట లేస్తుంది. అదే రోజు సర్వీసుకు తీసుకెళ్లండి. పాత బ్యాటరీని చెత్తబండిలో వేయకుండా షాపులోనే అప్పగించండి.

నీళ్లో కాఫీయో పడినా, కాలిన వాసన వచ్చినా ఇక్కడే ఆగండి. "ఆరిందేమో చూద్దాం" అని చార్జింగ్ పెట్టడం వల్లే తడిసిన బోర్డులు మాడిపోతాయి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల లోపలి తేమ పోదు, పైగా పొడి లోపలికి పోతుంది.

దశ 2: గోడ సాకెట్టు

అదే సాకెట్టులో టేబుల్ ల్యాంపు పెట్టి చూడండి. వెలిగితే ఒక్క నిమిషం అలాగే ఉంచి, ప్లగ్గును కొద్దిగా కదపండి. మినుకుమంటే సాకెట్టు లోపలి రేకులు వదులైపోయాయి. లాప్‌టాప్ ప్లగ్గు బరువుకు కిందికి వాలినట్టు కనిపించినా అదే కథ. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడుతుంటే దాన్ని పక్కనపెట్టి నేరుగా గోడకు పెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే సరిపోయిన వాళ్లు చాలామంది ఉన్నారు.

సాయంత్రాలు ఫ్యాను నెమ్మదించేంత లో వోల్టేజీ ఉన్నప్పుడు "అందుకే ఎక్కట్లేదేమో" అంటారు. సాధారణంగా అది కారణం కాదు. అడాప్టర్ వెనక చూడండి, ఇన్‌పుట్ అన్నచోట 100-240 వోల్టులు అని ఉంటుంది. మన ఇళ్లకు రావాల్సింది 230. అది బాగా పడిపోయినా అడాప్టర్ తట్టుకుంటుంది. దీనికోసం స్టెబిలైజర్ కొనొద్దు. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే చార్జ్ ఎక్కకపోవడం, అడాప్టర్ గుయ్యిమనడం ఉంటే కరెంటు వచ్చాక మళ్లీ చూడండి. పాతకాలపు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో కొన్ని అడాప్టర్లకు పడదు.

మన వైపు ఇంకో సంగతి. అక్టోబరు, నవంబరు వానలకు చీమలు స్విచ్ బోర్డుల్లో కాపురం పెడతాయి. సాకెట్టు రంధ్రాల దగ్గర సన్నటి మట్టి రాలి ఉంటే అందులో ఏదీ పెట్టకండి. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

దశ 3: గోడ నుంచి అడాప్టర్‌కు వచ్చే కేబుల్

ఈ కేబుల్ విడిగా ఊడి వస్తుంది. చాలామంది దాన్ని అడాప్టర్‌లో భాగం అనుకుంటారు. ప్లగ్గు గోడ నుంచి తీసేసి, తర్వాత కేబుల్‌ను అడాప్టర్ నుంచి లాగి, రెండు చివర్లూ చూడండి. నల్లబడిందా, కరిగిందా? తర్వాత పుత్తూరు అమ్మాయి కేబుల్‌కు నేను చేసినట్టే పొడుగునా వేలితో నొక్కుతూ రండి. మెత్తగా, ఖాళీగా తగిలే చోటు ఉంటే అక్కడ తీగ తెగింది.

బాగానే ఉంటే మళ్లీ అడాప్టర్‌లోకి గట్టిగా, చివరిదాకా నెట్టండి. సగం దూరి ఆగడం మామూలే. ఇంకో మూడు పిన్నుల కేబుల్ ఎవరిదైనా పెట్టి చూడొచ్చు. ఈ ముక్కకు కంపెనీతో పనిలేదు, అడాప్టర్ వైపు మూడు గుండ్రటి రేకుల ఆకారం సరిపోతే చాలు. ఖర్చు కూడా చాలా తక్కువ.

రెండు పిన్నుల ప్లగ్గు వాడుతూ, లాప్‌టాప్ లోహపు ఒంటిమీద చేయిపెడితే జివ్వుమంటుంటే ఎర్తింగ్ లేదని అర్థం. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉన్న సాకెట్టు వాడండి. మూడో పిన్నును విరిచేసి పెట్టడం మన దగ్గర ఎక్కువ. దయచేసి ఆ పని చేయొద్దు.

దశ 4: అడాప్టర్ మీద రాసింది చదవండి

అవుట్‌పుట్ అన్నచోట రెండు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 65 వాట్లు. లాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కర్ మీద ఎంత కావాలో రాసి ఉంటుంది. వోల్టేజీ అదే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువ మాత్రం కాకూడదు. ఆంపియర్లు ఎక్కువున్న అడాప్టర్ లాప్‌టాప్‌ను కాల్చేస్తుందని భయపడే వాళ్లు ఉన్నారు. కాల్చదు, లాప్‌టాప్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. వోల్టేజీ ఎక్కువైతేనే ప్రమాదం.

గేమింగ్ లాప్‌టాప్‌కు 150, 200 వాట్లు కావాలి. దానికి రూమ్మేట్ 65 వాట్ల అడాప్టర్ పెడితే ఆన్ అవుతుంది కానీ బ్యాటరీ నిండదు. ఇది జబ్బు కాదు.

డెల్, హెచ్‌పీ పిన్నుల మధ్యలో సన్నటి సూది ఉంటుంది. ఆ సూది ద్వారానే లాప్‌టాప్ "ఇది నా అడాప్టరేనా, ఎన్ని వాట్లు?" అని కనుక్కుంటుంది. సూది వంగినా, లోపల తెగినా, నకిలీ అడాప్టర్ అయినా లాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీకి చార్జ్ ఇవ్వదు. డెల్ వాళ్లకైతే ఆన్ చేయగానే అడాప్టర్ రకం తెలియలేదని ఒక హెచ్చరిక వస్తుంది. దాన్ని చదవకుండా ఎంటర్ కొట్టేసి బ్యాటరీ మార్చిన వాళ్లను చూశాను. బ్యాటరీ బంగారంలా ఉండింది.

టైప్-సి చార్జర్ అయితే మూడు విషయాలు. మొదటిది, లాప్‌టాప్‌కు రెండు టైప్-సి రంధ్రాలు ఉంటే అన్నిట్లోనూ చార్జింగ్ ఉండకపోవచ్చు, పక్కన ప్లగ్గు బొమ్మో బ్యాటరీ బొమ్మో ఉన్నదాంట్లో పెట్టండి. రెండోది, మామూలు ఫోన్ చార్జర్ ఇచ్చే 5 వోల్టులతో చాలా లాప్‌టాప్‌లు చార్జ్ కావు, పవర్ డెలివరీ (లాప్‌టాప్ అడిగిన ఎక్కువ వోల్టేజీ ఇవ్వగల పద్ధతి) ఉన్న చార్జర్ కావాలి. మూడోది, కేబుల్. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్లు, అంటే 60 వాట్ల దాకానే మోస్తుంది. 100 వాట్లు కావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ కొనాలి. చార్జర్ బాగుండి కేబుల్ వల్ల ఆగిపోయిన కేసులు ఈమధ్య ఎక్కువవుతున్నాయి.

దశ 5: అడాప్టర్ పనిచేస్తోందా?

అడాప్టర్ మీద లైటు ఉంటే లాప్‌టాప్‌కు పెట్టకుండా గోడకు మాత్రమే పెట్టి చూడండి. వెలగకపోతే గోడ నుంచి తీసి పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. కరెంటు ఒక్కసారిగా వచ్చిపోయినప్పుడు కొన్ని అడాప్టర్లు తమను తాము ఆపేసుకుంటాయి, అలా ఆగితే మళ్లీ లేస్తాయి. గోడకు పెడితే వెలిగి, లాప్‌టాప్‌కు పెట్టగానే ఆరిపోతుంటే జాగ్రత్త. లాప్‌టాప్ లోపల షార్ట్ ఉండొచ్చు, లేదా అడాప్టర్ బలహీనపడి ఉండొచ్చు. వేరే మంచి అడాప్టర్‌తోనూ అలాగే ఆరితే షార్ట్ లాప్‌టాప్‌లోనే. పదేపదే పెట్టి చూడొద్దు, 12వ దశకు వెళ్లండి.

మల్టీమీటర్ ఉన్నవాళ్లకు: నల్ల తీగ కామ్ అని రాసి ఉన్న రంధ్రంలో, ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలో పెట్టి, మీటను డీసీ 200 దగ్గర పెట్టండి. ఎర్ర మొన అడాప్టర్ పిన్ను లోపలి గోడకు, నల్ల మొన బయటి గోడకు ఆనించండి. స్టిక్కర్ మీద ఉన్న వోల్టేజీకి దగ్గరగా రావాలి. 19.5 రాసి ఉంటే 19 నుంచి 20 మధ్య కనిపిస్తే మంచిదే.

200 అని ఎందుకు చెప్పానంటే, చిన్న మల్టీమీటర్లలో 20 దగ్గర పెడితే 19.99 దాటి చూపించలేవు. లెనోవో లాంటి 20 వోల్టుల అడాప్టర్ 20.1 ఇచ్చిందంటే తెరమీద ఎడమవైపు ఒంటరిగా "1" అని వస్తుంది. ఒక్క వోల్టే వస్తోందని మంచి అడాప్టర్‌ను పారేసిన డిప్లొమా కుర్రాడు నాకు తెలుసు. ఆ "1"కు అర్థం కొలత నా పరిధి దాటింది అని.

మధ్యలో సూది ఉన్న పిన్నులకు, చేయి నిలకడగా లేకపోతే ఈ పరీక్ష వద్దు. మొన జారి సూదికీ గోడకూ ఒకేసారి తగిలితే గుర్తింపు చిప్పు పోతుంది. అలాంటివాటికి వేరే అడాప్టర్ పెట్టి చూడటమే మేలు. టైప్-సి చార్జర్‌కు మల్టీమీటర్ పనికిరాదు, లాప్‌టాప్‌తో మాట కలిశాకే అది పూర్తి వోల్టేజీ ఇస్తుంది.

ఇంకోటి: మీటర్‌లో వోల్టేజీ సరిగ్గా ఉన్నంత మాత్రాన అడాప్టర్ బాగున్నట్టు కాదు. లోడు పడగానే కూలిపోయేవి ఉంటాయి. కాబట్టి ఆఖరి తీర్పు ఎప్పుడూ మార్చి చూడటమే. మీ అడాప్టర్ వేరే లాప్‌టాప్‌కు, వేరే అడాప్టర్ మీ లాప్‌టాప్‌కు. ఈ రెండూ చేస్తే అనుమానం మిగలదు.

అడాప్టర్ డబ్బాను మాత్రం తెరవొద్దు. లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, గోడ నుంచి తీసేశాక కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది.

దశ 6: లాప్‌టాప్ పిన్ను రంధ్రం

షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, టార్చి వేసి లోపలికి చూడండి. టైప్-సి రంధ్రంలో అయితే బ్యాగులోని నూలు పోగులు, దుమ్ము కలిసి అడుగున గట్టి చాపలా పేరుకుంటాయి. ప్లగ్గు పూర్తిగా దూరదు, ఒక మిల్లీమీటరు బయటే ఉంటుంది. మీకు మాత్రం పెట్టినట్టే అనిపిస్తుంది. చెక్క టూత్‌పిక్‌తో అంచుల నుంచి నెమ్మదిగా లాగండి. మధ్యలో ఉన్న సన్నటి నాలుకను తాకొద్దు. పిన్నీసు, సూది, హెయిర్‌పిన్ వద్దే వద్దు.

గుండ్రటి పిన్ను అయితే పెట్టి చూసి వేలితో పైకీ కిందకీ చాలా కొద్దిగా కదపండి. లోపల పిన్ను మొత్తం కదులుతున్నట్టుంటే బోర్డుకు అతికించిన చోట వదిలేసింది, లేదా జాక్ (ప్లగ్గు దూరే రంధ్రం ఉన్న భాగం) విరిగింది. చాలా మోడళ్లలో ఈ జాక్ చిన్న తీగతో విడిగా ఉంటుంది, మదర్‌బోర్డు మార్చనక్కర్లేదు. షాపులో ఈ మాట గుర్తుపెట్టుకుని అడగండి.

ఒక కోణంలో పెడితే ఎక్కుతోందని కేబుల్ కింద పుస్తకం పెట్టి వాడుకుంటారు. అలా వాడితే వదులు కనెక్షన్ దగ్గర నిప్పురవ్వలు వచ్చి జాక్ కాలుతుంది. వందల్లో అయ్యే పని వేలకు పోతుంది.

దశ 7: మిగిలిన కరెంటు తీసేయండి

షట్‌డౌన్ చేయండి, స్లీప్ కాదు. చార్జర్, మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ తీసేయండి. బ్యాటరీ ఊడేది అయితే ఊడదీయండి. పవర్ బటన్ 30 సెకన్లు వదలకుండా నొక్కి పట్టండి. తర్వాత చార్జర్ మాత్రమే పెట్టి ఆన్ చేయండి. చార్జింగ్ చూసుకునే చిప్పు ఒక్కోసారి మొరాయిస్తుంది, దీంతో మళ్లీ దారికొస్తుంది.

కొన్ని లెనోవో మోడళ్లకు అడుగున గుండుసూది దూరేంత రీసెట్ రంధ్రం ఉంటుంది. ముందు మీ మోడల్‌కు అది ఎక్కడుందో నిర్ధారించుకోండి. మైకు రంధ్రంలో సూది పొడిచి మైకు పోగొట్టుకున్న వాళ్లున్నారు.

సెలవులకు ఊరెళ్లి రెండు మూడు నెలలు లాప్‌టాప్ ముట్టుకోకపోతే బ్యాటరీ పూర్తిగా అడుగంటుతుంది. అప్పుడు మొదట చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, లైటు కూడా రాకపోవచ్చు. చార్జర్ పెట్టి ఒకటి రెండు గంటలు కళ్లముందే వదిలేశాకే ఏ నిర్ణయానికైనా రండి.

దశ 8: ఆపేసి అరగంట

నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఇది, ఖర్చులేదు. ఇప్పుడున్న శాతం రాసుకుని, షట్‌డౌన్ చేసి, ఫ్యాను కింద పెట్టి, అరగంట చార్జింగ్ పెట్టండి. మళ్లీ ఆన్ చేసి చూడండి. శాతం పెరిగితే బ్యాటరీ, పిన్ను, అడాప్టర్ మూడూ పనిచేస్తున్నాయి. సమస్య విండోస్‌లో గానీ, వాట్లు చాలకపోవడంలో గానీ, వేడిలో గానీ ఉంది.

వేడిని తేలిగ్గా తీసుకోవద్దు. లిథియం బ్యాటరీని సుమారు 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు, అందుకే లాప్‌టాప్ తనంతట తానే ఆపేస్తుంది. మే నెలలో తిరుపతిలో బయటే 40 దాటుతుంది. రేకుల గదిలో, పరుపు మీద పెట్టుకుని సినిమా చూస్తుంటే లోపల ఎంత ఉంటుందో ఊహించండి. చల్లబడితే దానంతటదే మొదలవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల తేమ పట్టి బోర్డు పాడవుతుంది.

దశ 9: 60, 80 దగ్గర ఆగుతోందా?

బ్యాటరీ ఎక్కువకాలం రావాలని కంపెనీలే ఈ హద్దు పెడతాయి. లెనోవో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్, డెల్ పవర్ మేనేజర్‌లో ఎక్కువగా ప్లగ్గుమీద వాడేవారి ఎంపిక, హెచ్‌పీలో బయోస్ (విండోస్ కంటే ముందే లేచే, లాప్‌టాప్ సొంత సాఫ్ట్‌వేర్) లోపల బ్యాటరీ హెల్త్ మేనేజర్. మ్యాక్‌బుక్‌లో ఆప్టిమైజ్డ్ చార్జింగ్. కొత్త లాప్‌టాప్ సెటప్ చేసేటప్పుడు చదవకుండా ఓకే కొట్టేసి ఉంటారు. ఆ మోడ్ తీసేసి పది నిమిషాలు ఆగండి, శాతం కదిలితే అంతే సంగతి. రోజంతా ప్లగ్గు మీదే వాడేవాళ్లు పరీక్ష అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోండి, అది మంచి ఏర్పాటే.

దశ 10: విండోస్‌లో డ్రైవర్

డ్రైవర్ అంటే బ్యాటరీని విండోస్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, డివైస్ మేనేజర్, అందులో బ్యాటరీస్. మైక్రోసాఫ్ట్ ఏసీపీఐ అని మొదలయ్యే, చివర బ్యాటరీ అని ఉండే వరుస మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి. భయపడొద్దు, రీస్టార్ట్ చేయగానే విండోస్ దాన్ని మళ్లీ పెట్టుకుంటుంది. పక్కనున్న ఏసీ అడాప్టర్ వరుసను ముట్టుకోనక్కర్లేదు.

బయోస్ అప్‌డేట్ చేయమని సలహాలు వస్తాయి. చార్జింగే సరిగా లేని లాప్‌టాప్‌లో ఆ పని వద్దు. మధ్యలో ఆగిపోతే లాప్‌టాప్ ఇక లేవకపోవచ్చు.

దశ 11: బ్యాటరీ వయసు చూడండి

ఇప్పుడు బ్యాటరీ వంతు. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పవర్ అన్న ఇంగ్లీషు మాట, దానికి అతుక్కుని సి, ఎఫ్, జి అక్షరాలు కొట్టండి. ఒక స్పేస్ ఇచ్చి, ప్రశ్నార్థకం ఉండే కీ మీది స్లాష్ కొట్టి, దానికి ఆనుకుని బ్యాటరీ రిపోర్ట్ అనే రెండు మాటలూ ఒకే మాటగా కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక ఫైలు ఎక్కడ సేవ్ అయిందో చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరవండి.

అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తప్పుడు పట్టే చార్జ్, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పట్టే చార్జ్. మొదటిది 41,000, రెండోది 33,000 ఉంటే 80 శాతం మిగిలింది, బ్యాటరీ జోలికి పోవద్దు. 41,000కు 16,000 మిగిలితే 39 శాతం, మార్చుకునే వయసు వచ్చింది. అసలు బ్యాటరీ వివరాలే కనిపించకపోతే లోపల కనెక్టర్ ఊడిందో, బ్యాటరీ పూర్తిగా చచ్చిందో. మ్యాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూడండి, సర్వీస్ రికమెండెడ్ అని ఉంటే మార్చాలి.

హెచ్‌పీ వాళ్లకు ఇంకో సులువు ఉంది. ఆన్ చేస్తూనే ఎస్కేప్ కీ, తర్వాత ఎఫ్2 నొక్కితే విండోస్‌తో పనిలేకుండా బ్యాటరీని, అడాప్టర్‌ను పరీక్షించే తెర వస్తుంది. డెల్‌లో ఎఫ్12 నొక్కితే డయాగ్నస్టిక్స్ కనిపిస్తుంది.

దశ 12: షాపుకు వెళ్లాల్సి వస్తే

మీరు రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. అడాప్టర్, కేబుల్ కూడా తీసుకెళ్లండి, చాలామంది లాప్‌టాప్ ఒక్కటే పట్టుకొస్తారు. "చార్జింగ్ ఎక్కట్లేదు" అని కాకుండా "వేరే అడాప్టర్‌తోనూ ఎక్కలేదు, ఆపేసి పెట్టినా ఎక్కలేదు, రిపోర్టులో బ్యాటరీ 80 శాతం ఉంది" అని చెప్పండి. ఆ మాటతో వెతికే దారి సగం తగ్గిపోతుంది.

మదర్‌బోర్డు అంటే వెంటనే ఒప్పుకోవద్దు. మీ ముందే మంచి అడాప్టర్ పెట్టి చూపించమనండి. జాక్ చూశారా అని అడగండి. చార్జింగ్ సర్క్యూట్ చిప్పు స్థాయిలో బాగుచేయగలరా, బోర్డు మొత్తం మార్చాలా అని అడగండి. మార్చిన పాత భాగం తిరిగి చూపించమనండి. వారంటీ ఉంటే బయట విప్పించకుండా కంపెనీ సర్వీసుకే వెళ్లండి.

కొత్త అడాప్టర్ కొంటే దానిమీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరం పక్కన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ తయారీదారుదో వస్తుంది. బరువు చూడండి, అసలుదానికంటే మరీ తేలిగ్గా ఉంటే నాకైతే నమ్మబుద్ధి కాదు.

బాగైందని ఎలా తెలుసుకోవాలి

లైటు వెలగ్గానే సంబరపడి వెళ్లిపోకండి. షాపులో ఉండగానే శాతం కనీసం రెండు మూడు అంకెలు పెరగడం చూడండి. ఇంటికొచ్చాక 20 శాతానికి దించి, ఆన్‌లో ఉంచే ఒక గంట చార్జ్ పెట్టి, పావుగంటకోసారి శాతం రాసుకోండి. అంకెలు నిదానంగా ఒకే తీరులో పెరగాలి. 40 నుంచి ఒక్కసారిగా 70కి దూకినా, 30 నుంచి ఉన్నట్టుండి ఆరిపోయినా బ్యాటరీ సరిగా లేదు. కొత్త బ్యాటరీ వేయించుకుంటే మళ్లీ రిపోర్టు తీయండి. ఫుల్ చార్జ్ కెపాసిటీ డిజైన్ కెపాసిటీకి దగ్గరగా ఉండాలి. కొత్తదని అమ్మినదాంట్లో 70 శాతమే కనిపిస్తే మర్నాడే వాపసు తీసుకెళ్లండి.

గంట అయ్యాక అడాప్టర్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉండటం మామూలే. చేయి ఆనించలేనంత కాలుతుంటే తీసేయండి. పిన్ను దగ్గర కూడా తాకి చూడండి, అక్కడ మాత్రమే వేడి ఉంటే కనెక్షన్ ఇంకా వదులుగానే ఉంది.

వేసవి సాయంత్రాల్లో శేషాచలం వైపు నుంచి ఉరుములు మొదలైతే స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే గోడ నుంచి తీసేయండి. ఒక్క పిడుగు వానకు మర్నాడు నా బల్లమీదికి మూడు నాలుగు లాప్‌టాప్‌లు వస్తాయి. అవి పైన రాసిన ఏ దశతోనూ లేవవు.